రెండు పాఠాలు, ఒకే ఉద్యోగం

యూనివర్సిటీలో అసిస్టెంట్ ప్రొఫెసర్ ఇంటర్వ్యూ అంటే చాలాచోట్ల పాఠం కూడా చెప్పి చూపించాలి. కాసేపే. ఎదురుగా విద్యార్థులుండరు, కమిటీ ఉంటుంది. అభ్యర్థికి సబ్జెక్టు ఎంత వచ్చో, దాన్ని ఎంత అందించగలడో చూడటానికే ఇదంతా అంటారు. బాగానే ఉంది. కానీ తెలుగు శాఖలో బోర్డు ముందు నిలబడ్డ ముస్లిం రెండు పాఠాలు చెప్పాల్సొస్తోంది. ఒకటి సబ్జెక్టు గురించి. రెండోది తన గురించి.

'మీకు తెలుగు ఇంత బాగా ఎలా వచ్చింది?' మెచ్చుకోలులా వినిపించే ఈ మాటలో తీర్పుంది. తెలుగు వాళ్లది, మేం అరువు తెచ్చుకున్నాం అన్న తీర్పు. పిఠాపురం ఉమర్ ఆలీషా పద్యాలూ నాటకాలూ రాసింది ఏ భాషలో? 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' వచ్చింది ఏ భాషలో? తెలుగు పాఠం చెప్పేవాళ్లకు ఇవి తెలియవా?

అసలు కోత పాఠం తయారీలోనే మొదలవుతుంది. 'భాయ్, మన కవిత్వం తీసుకోకు, జనరల్ టాపిక్ చూసుకో' అంటారు శ్రేయోభిలాషులు. ముస్లిం కవిత్వం మీద ఏళ్ల తరబడి పనిచేసినవాడు ప్రబంధాలు బట్టీపట్టి వెళ్తాడు. పాఠం అయ్యాక వచ్చే ప్రశ్నల దగ్గరే కదా మనిషి లోతు తెలిసేది! అక్కడ వాడి ఐదేళ్ల చదువు ఇంటిదగ్గరే ఉండిపోతుంది. ప్రబంధం చెబితే సాహిత్యం, మా బతుకు చెబితే వాదం. ఈ లెక్క ఎవరు వేశారు? లెహజా సంగతి సరేసరి. 1918లో మొదలైన ఉస్మానియాలో పై చదువుల పాఠాలన్నీ ఉర్దూలోనే నడిచాయి. అదే ఉర్దూ వాసన ఇవాళ మా తెలుగులో తగిలితే ఉచ్చారణ దోషం! తెలంగాణ యాసలో పాఠం చెప్పిన బహుజన మిత్రులకు ఈ చిన్నచూపు కొత్తేం కాదు.

2010 నాటి యూజీసీ నిబంధనల్లో ఈ ఉద్యోగానికి చదువుకూ పరిశోధనకూ 50 శాతం, సబ్జెక్టు జ్ఞానానికీ బోధనా నైపుణ్యానికీ 30, ఇంటర్వ్యూకు 20 అని విభజన ఉండేది. 2018 నిబంధనలు దాన్ని ఎత్తేశాయి. చదువు మార్కులు పిలుపు వరకే, ఎంపిక ఇంటర్వ్యూతోనే అన్నాయి. అంటే పీహెచ్‌డీ గుమ్మం దాకా తెస్తుంది. లోపల తేల్చేది ఆ కాసేపే. అందుకే ఆ కాసేపట్లో ఏం అడుగుతున్నారన్నది మాకు బతుకు ప్రశ్న.

అభ్యర్థుల్లో మైనారిటీలుండి కమిటీలో ఆ వర్గం వారు లేకపోతే, వైస్ చాన్సలర్ ఒకరిని నామినేట్ చేయాలని అవే నిబంధనలు చెప్పాయి. ఆ కుర్చీలో కూర్చునే మా పెద్దలనూ అడుగుతున్నాం: పాఠం వదిలేసి పేరు మీద ప్రశ్న పడినప్పుడు మీరెందుకు నోరు విప్పరు?

మేం అడిగేది దయ కాదు. పాఠం విద్యార్థుల ముందు చెప్పించండి. వాళ్లకు అర్థమైందో లేదో వాళ్లనే అడగండి. ఏ అంశానికి ఎన్ని మార్కులో ముందే రాసిపెట్టండి. ప్రతి ప్రశ్నా రికార్డు చేయండి. ఇక మా పిల్లలకు ఒక మాట: మీ థీసిస్సే మీ పాఠం. దాన్నే పట్టుకుని లోపలికెళ్లండి. ప్రబంధం మీద ప్రశ్నొస్తే జవాబు చెప్పండి, అదీ మనదే. రెండో పాఠం అడిగితే మాత్రం, అది సిలబస్‌లో లేదని చెప్పండి.