సమతుల కేబిలు: ఒక చెల్లని వివరణ

ఆంప్లిఫయరును తనలోనే ఇముడ్చుకొన్న లౌడుస్పీకర్లు నేడు పెద్ద స్టూడియోలలోనే కాక, పాఠాలు రికార్డు చేసే చిన్న గదులలో కూడ కనబడుచున్నవి. వీటిని పవర్డ్ మానిటర్లు అంటారు. వీటికి ఏ కేబిలు తగినదన్న ప్రశ్నకు అమ్మకపు కరపత్రాలలోను, పరిచయ గ్రంథాలలోను తరచు ఒకే వివరణ ఇయ్యబడుచున్నది. సమతుల కేబిలులోని రెండు తీగెలలో ఒకదానియందు సంకేతం యథాతథంగాను, రెండవదానియందు తలక్రిందులుగాను పోవునట. దారిలో చేరిన రొద రెండింటిలోను ఒకే తీరున ఉండుటచే, మానిటరు ఒకదాని నుండి మరొకదానిని తీసివేసినప్పుడు అది మాయమగునట. వినుటకు ఇది చక్కగా ఉన్నది. నల్లబల్లపై గీసి చూపుటకు మరింత చక్కగా ఉండును. కాని రొద పోవుటకు అసలు కారణం ఇందులో లేదు.

దానికి ముందు తీగె లావును గురించి ఒక మాట. ఆంప్లిఫయరు బయట ఉండే 8 ఓముల స్పీకరుకు 50 వాట్లు అందవలెనన్న 2.5 ఆంపియర్లు ప్రవహించవలెను. 0.22 చదరపు మిల్లీమీటర్ల సన్నని రాగి తీగె 10 మీటర్ల దూరం పోయి తిరిగి వచ్చుటకు నిరోధం సుమారు 1.6 ఓములు. 8 ఓముల ఎదుట ఇది పెద్ద నష్టమే. పవర్డ్ మానిటరు సంగతి వేరు. దాని ప్రవేశ నిరోధం సాధారణంగా 10,000 ఓములో, అంతకు మించియో ఉండును. 1.23 వోల్టుల సంకేతానికి అందులో పారేది సుమారు ఆంపియరులో పది వేలవ వంతు. 10,000 ఓముల ఎదుట 1.6 ఓములు ఎంత? కనుక లావు రాగికి పెట్టిన డబ్బు వృథా. పైగా స్పీకరు తీగెకు కవచం ఉండదు. బంగారు పూత తుప్పును ఆపును గాని స్వరాన్ని మార్చదు.

ఇక రొద మాట. ఉన్నత పాఠశాల విద్యార్థులకు వీట్‌స్టన్ బ్రిడ్జి పరిచితమే. సంకేతాన్ని పంపే పరికరంలో రెండు తీగెలకు గల నిరోధాలు రెండు భుజాలు. మానిటరులో ఆ తీగెల చివరల నుండి ఛాసిస్‌కు గల నిరోధాలు మిగిలిన రెండు భుజాలు. రెండు పరికరాల ఛాసిస్‌ల మధ్య ఏర్పడే 50 ఆవృత్తుల వోల్టేజియే ఇచ్చట బ్యాటరీ. గాల్వనోమీటరు ఉండవలసిన చోట మానిటరు చెవి ఉన్నది! భుజాలు తూగినంత కాలం రొద వినబడదు. ఒక భుజం తేడా పడెనా, గుంయ్‌మనుట మొదలు. ఈ లెక్కలో సంకేతం ప్రసక్తే లేదని గమనింపవలెను.

దీనికి సాక్ష్యం కావలెనన్న దూరం పోనక్కరలేదు. కొన్ని పరికరాలలో సంకేతం ఒక తీగెలోనే పోవును. రెండవ తీగె సమాన నిరోధం ద్వారా భూమికి కలపబడి ఊరకుండును. అయినను రొద పోవుచున్నది. ఐ.ఇ.సి. అనే అంతర్జాతీయ సంస్థ 2000లో వెలువరించిన 60268-3 ప్రమాణం కూడ నిరోధాల తూకమే ముఖ్యమనుచున్నది. తలక్రిందుల సంకేతం వలన ప్రయోజనమే లేదనుట కాదు. రెండు తీగెల మధ్య వోల్టేజి రెట్టింపగును. ఆ ప్రయోజనం వేరు, రొదను తొలగించుట వేరు.

ఇది మాటల పట్టింపు మాత్రమే అయితే ఇంతగా వ్రాయనక్కరలేదు. ఆర్.సి.ఎ. సాకెట్టు మాత్రమే గల పరికరం ఒక విద్యార్థి వద్ద ఉన్నదనుకొందాం. పై వివరణను నమ్మినవాడు, ‘ఇందులో తలక్రిందుల సంకేతం లేదు గదా, రెండు తీగెల కేబిలెందుకు?’ అని ఒంటి తీగె కేబిలు కొనును. అప్పుడు కవచంలో పారే విద్యుత్తు, కవచం నిరోధం వలన కలిగించే వోల్టేజి అంతయు సంకేతంతో కలిసిపోవును. బ్రిడ్జిని ఎరిగినవాడు కవచం గల రెండు తీగెల కేబిలునే కొనును. పరికరం వైపు ఒక తీగెను ప్లగ్గు నడిమి పిన్నుకు, రెండవ తీగెను కవచంతో సహా వెలుపలి వలయానికి కలుపును. మానిటరు వైపు ఎక్స్.ఎల్.ఆర్. ప్లగ్గులో కవచాన్ని 1వ పిన్నుకు, తీగెలను 2, 3 పిన్నులకు కలుపును. పరికరం నిరోధం 200 ఓములైతే తూకం పూర్తిగా కుదరదు. అయినను రొదలో 50వ వంతు మాత్రమే మిగులును.

మూడు స్పర్శలు గల ప్లగ్గులన్నియు సమతులమనుకొనుట మరొక పొరపాటు. కంప్యూటరు హెడ్‌ఫోన్ సాకెట్టులో రెండు స్పర్శలు ఎడమ, కుడి సంకేతాలవి. దానిని సమతుల కేబిలుతో ఒక మానిటరుకు తగిలించినచో, మానిటరు ఎడమ నుండి కుడిని తీసివేయును. రెండింటిలోను సమానంగా ఉన్న గాయకుని గొంతు మాయమై, ప్రక్క వాద్యాలు మాత్రం మిగులును. మానిటరు చెడిపోయినదని దానిని దుకాణానికి మోసుకొనిపోవుటయు కలదు.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలోనే చూపవచ్చును. 100 ఓములవి రెండు, 10,000 ఓములవి రెండు నిరోధాలతో బ్రిడ్జి కట్టి, ముల్లు సున్న వద్ద నిలిచిన తరువాత ఒక 100 ఓముల నిరోధాన్ని తీసి 150 ఓములది పెట్టి చూపవలెను.