‘అమ్మ’ అన్న పిలుపు చాటున

ఇంగ్లీషులో పేరు తెలిసిన తొలి కవి కేడ్మన్. మఠంలో పశువుల కాపరి. విందుల్లో హార్ప్ వాద్యం తన వంతుకు వచ్చేసరికి పాట రాదని లేచి వెళ్లిపోయేవాడట. ఒక రాత్రి కలలో ఎవరో పాడమంటే సృష్టి గురించి పాట కట్టాడు. బీడ్ అనే క్రైస్తవ సన్యాసి 731లో లాటిన్‌లో పూర్తిచేసిన ఆంగ్లజాతి మతచరిత్రలోది ఈ కథ. కల సంగతి అందరికీ గుర్తుంటుంది. మరి తెల్లవారాక ఏం జరిగింది?

అతన్ని మఠాధ్యక్షురాలి దగ్గరికి తీసుకెళ్లారు. ఆమె పండితుల్ని కూచోబెట్టి పాట వినిపించింది. పరీక్షగా మరో ఘట్టమిచ్చి పాట కట్టుకు రమ్మన్నారు. కట్టుకొచ్చాక ఆమె అతన్ని మఠంలో చేర్చుకుని పవిత్రగాథలన్నీ నేర్పించమంది. విమర్శకురాలు, గురువు చేసే పనులే ఇవి. కానీ ఆ అధ్యాయంలో ఆమె పేరు లేదు. పేరు కోసం దాని ముందు అధ్యాయానికి వెళ్లాలి: హిల్డ్ (614-680).

ఆ అధ్యాయం నిండా ప్రశంసే. 657లో ఆమె స్థాపించిన విట్బీ మఠంలో స్త్రీలూ పురుషులూ ఉండేవారు. రాజులు సలహా కోసం వచ్చేవారు. అక్కడ చదివిన అయిదుగురు మగవాళ్లు బిషప్పులయ్యారు. ఎరిగినవాళ్లంతా ఆమెని ‘అమ్మా’ అనేవారని బీడ్ మురిసిపోతాడు. అయితే ఈస్టర్ ఎప్పుడు జరపాలన్న మహాచర్చ 664లో ఆమె మఠంలోనే జరిగితే, ఆమె ఐరిష్ పక్షమని ఒక్క ముక్క చెప్పి, వాదనంతా మగవాళ్ల నోట పెడతాడు. అధికారాన్ని మమకారంగా మార్చేశాక దానికి మాట అవసరం లేదన్నమాట!

తొలి పద్యం పక్కన స్త్రీ ఎక్కడుందన్న ప్రశ్న మా కరీంనగర్‌కీ వర్తిస్తుంది. గంగాధర దగ్గరి బొమ్మలమ్మ గుట్ట మీద, పదో శతాబ్దంలో పంపకవి తమ్ముడు జినవల్లభుడు వేయించిన కుర్క్యాల శాసనంలో తొలి తెలుగు కంద పద్యాలున్నాయి. అందులో అబ్బణబ్బె పేరు కనిపిస్తుంది, తల్లిగా. రాతిలో చక్రేశ్వరి ఉంది, దేవతగా. పద్యం బాగోగులు తేల్చగల స్త్రీకి అక్కడ చోటు కనబడదు. ఊహతో ఎవర్నీ ఆ చోట కూచోబెట్టక్కర్లేదు. విట్బీలో ఆ చోటు ఉంది. దాన్ని కప్పేసింది ‘అమ్మ’ అన్న పిలుపే.

అలాగని హిల్డ్‌ని దేవతను చేస్తే మనమూ బీడ్ బాట పట్టినట్టే. ఆమె రాజవంశపు ఆడపడుచు, అతను పశువుల కాపరి. ఏ పాట మఠంలోకి రావాలో ఆమె తేల్చింది, దైవగీతాలే వచ్చాయి. విందుల్లో వంతులవారీగా పాడిన పాటల్లో ఒక్కటీ బీడ్ పుస్తకానికెక్కలేదు.

బతుకమ్మ పాటల్లో, ఆదిలాబాద్ గోండుల పాటల్లో ఏది సాహిత్యమో, ఏది ‘సేకరణ’ మాత్రమేనో చెప్పే కుర్చీల్లో ఇవాళ మనలోనూ కొందరం ఉన్నాం. మనల్ని ఎవరెంత ఆప్యాయంగా అమ్మా, అక్కా అని పిలిచినా అది అధికారమే. అలా ఒప్పుకున్నప్పుడే ఆ పాటలు పాడేవాళ్లు మనల్ని నిలదీయగలుగుతారు.