లాగే ఇంజను, పరిగెత్తే ఇంజను

2014లో మన దేశంలో అమ్మకానికి వచ్చిన హోండా సిటీ ఒక పాత వాదన తేల్చుకోవడానికి పనికొస్తుంది. బండి ఒకటే, ఇంజన్లు రెండు, రెండూ ఒకటిన్నర లీటరువే. పెట్రోలు ఇంజను 6,600 ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర 119 హార్స్‌పవర్ ఇస్తుంది. దాని టార్క్ 145 న్యూటన్ మీటర్లు, అదీ 4,600 దాకా వెళ్తేనే. టర్బో డీజిల్ ఇంజను శక్తి 100 హార్స్‌పవరే, 3,600 దగ్గర. టార్క్ మాత్రం 200 న్యూటన్ మీటర్లు, 1,750కే అందుతుంది. ఈ రెంటిలో ఏది జోరైన బండి అని అడిగితే, రోజూ నడిపేవాళ్ళు ఎక్కువమంది డీజిల్‌కే పికప్ ఉందంటారు. రేసులు చూసేవాళ్ళు పెట్రోలు అంటారు. ఇద్దరూ ఒకే మాట వాడుతూ వేర్వేరు సంగతులు కొలుస్తున్నారు. ఇంజను తన పూర్తి సత్తా చూపినప్పుడు ఎంత చేయగలదన్నది మొదటి ప్రశ్న. అందులో వాల్వుల పని మార్చుకునే పెట్రోలు ఇంజనుదే పైచేయి, అది పనితనంతో సంపాదించుకున్న పైచేయి. మామూలుగా నడిపేవాడి కాలి కింద ఎంత దొరుకుతుందన్నది రెండో ప్రశ్న. అక్కడ టర్బో డీజిల్‌దే రాజ్యం. టార్క్ అంకె పెద్దది కాబట్టి డీజిలే వేగమైనదన్న నమ్మకం మాత్రం లెక్క ముందు నిలవదు.

ఆ లెక్క కష్టమైనదేమీ కాదు. టార్క్ అంటే ఇంజను ఇరుసును మెలితిప్పే బలం. ఆ బలంతో నిమిషానికి ఎన్ని చుట్లు తిప్పిందన్నది కూడా కలిపితే వచ్చేది శక్తి. బిందెతో నిమిషానికి రెండుసార్లు తోడి పోసేవాడికంటే, చెంబుతో ఇరవైసార్లు తోడి పోసేవాడు తొట్టి ముందు నింపవచ్చు. పాత్ర ఎంత పెద్దదన్నదొక్కటే చూస్తే చాలదు. న్యూటన్ మీటర్లను ఆర్‌పీఎంతో హెచ్చించి సుమారు 7,024తో భాగిస్తే మెట్రిక్ హార్స్‌పవర్ వస్తుంది. దీన్ని తిరగేసి చూస్తే, సిటీ డీజిల్ 3,600 దగ్గర దాదాపు 195 న్యూటన్ మీటర్లతో, పెట్రోలు 6,600 దగ్గర దాదాపు 127తో తిరుగుతున్నాయని తేలుతుంది. ఇంతవరకు డీజిల్‌దే ఆధిక్యంలా కనిపిస్తుంది. కానీ చక్రాన్ని తిప్పేది ఇంజను ఒక్కటే కాదు, మధ్యలో గేరుబాక్సు ఉంది. రెండు బండ్లూ ఒకే వేగంతో పోతుంటే, ఎక్కువ చుట్లు తిరిగే ఇంజను అంతే నిష్పత్తిలో చిన్న గేరు పెట్టుకోగలదు. 6,600ని 3,600తో భాగిస్తే 1.83. పెట్రోలు ఇంజను 127 న్యూటన్ మీటర్లు ఆ గేరు దాటి వచ్చేసరికి డీజిల్ లెక్కన 232 అవుతాయి. అంటే చక్రం దగ్గర డీజిల్ 195కి ఎదురుగా 232. ఈ రెంటి మధ్య నిష్పత్తి, 119కీ 100కీ మధ్య ఉన్న నిష్పత్తి అచ్చంగా ఒకటే. రోడ్డు మీద ఒక వేగం దగ్గర బండిని ముందుకు నెట్టేది చివరికి హార్స్‌పవరే.

మరి టర్బో సాయం లేకుండా పెట్రోలు ఇంజను అంత శక్తి ఎలా తీస్తుంది? ఎక్కువసార్లు ఊపిరి పీల్చి. 8,000 ఆర్‌పీఎం దగ్గర ఒక్క చుట్టుకు పట్టేది సెకనులో వెయ్యో వంతులు ఏడున్నర. గాలి లోపలికి రావడానికి వాల్వు తెరుచుకుని ఉండేది ఐదు వంతుల పాటు. 800 దగ్గర నిలకడగా తిరిగేటప్పుడు దానికి పదిరెట్ల సమయం ఉంటుంది. ఇక్కడే చిక్కు. వేగంగా తిరిగేటప్పుడు వాల్వు బాగా లోతుగా తెరుచుకోవాలి, ఆలస్యంగా మూసుకోవాలి. దూసుకొచ్చే గాలికి ఊపు ఉంటుంది కాబట్టి పిస్టన్ పైకి తిరిగిన తరవాత కూడా అది లోపలికి తోసుకొస్తూనే ఉంటుంది. అదే ఆలస్యం నెమ్మదిగా తిరిగేటప్పుడు ఉంటే, పీల్చిన గాలిని పిస్టన్ తిరిగి బయటికి నెట్టేస్తుంది. ఇంజను వణుకుతుంది, లాగదు. వాల్వులను నొక్కే క్యామ్‌షాఫ్ట్ ఇనుప దిమ్మెకు ఒకటే ఆకారం ఉంటుంది కనుక, ఆ ఆకారాన్ని రేసుకు చెక్కాలా, ఊళ్ళో తిరగడానికి చెక్కాలా అన్నది ఇంజనీర్లను చాలాకాలం వేధించిన బేరం.

1980లో ఆల్ఫా రోమియో తన స్పైడర్ కారులో క్యామ్‌షాఫ్ట్‌ను కొంత ముందుకు వెనక్కి జరిపే ఏర్పాటుతో ఆ బేరాన్ని కొంత సడలించింది. 1989లో ఇంటెగ్రా కారుతో హోండా తెచ్చిన వీటెక్ పద్ధతి మరో అడుగు వేసింది: ఒక ఆకారం చాలకపోతే రెండు పెట్టింది. ప్రతి వాల్వుల జంటకూ క్యామ్‌షాఫ్ట్ మీద మూడు దిమ్మెలు. పక్కనున్న రెండూ పొట్టివి, నడుమది పొడుగుది. మామూలు వేగంలో వాల్వులను నొక్కేవి పక్క దిమ్మెలే. దిమ్మెకూ వాల్వుకూ మధ్య ఒక్కో రాకర్ చేయి ఉంటుంది, నడిమి చేతి కదలిక వాల్వుకు తగలదు. చుట్లు ఒక హద్దు దాటగానే ఆయిల్ ఒత్తిడి ఒక చిన్న పిన్నును నెట్టి మూడు చేతులనూ కలిపి బిగిస్తుంది. అక్కణ్ణుంచి పొడుగు దిమ్మె చెప్పినట్టే వాల్వులన్నీ ఆడతాయి. ఆ 1.6 లీటర్ల ఇంజను 7,600 దగ్గర 160 హార్స్‌పవర్ ఇచ్చింది, అంటే లీటరుకు వంద. రేసు బండికి తగిన ఆ అంకెతోపాటు, ట్రాఫిక్‌లో మొరాయించని నెమ్మదితనం కూడా అందులో ఉంది. జపాన్‌లో ఏటా కట్టే కారు పన్ను ఇంజను సైజు మెట్ల ప్రకారం పెరుగుతుంది. చిన్న ఇంజను నుంచి పెద్ద శక్తి పిండాలన్న పట్టుదలకు అదీ ఒక కారణమే. ఈ సంప్రదాయానికి శిఖరం 1999లో వచ్చిన ఎస్2000. రెండు లీటర్లు, జపాన్ మోడల్‌లో 8,300 దగ్గర 250 హార్స్‌పవర్, 9,000 దగ్గర రెడ్‌లైన్. పిస్టన్ ఒక చివర నుంచి మరో చివరకు నడిచేది 84 మిల్లీమీటర్లు. ఆ చుట్ల దగ్గర దాని సగటు వేగం సెకనుకు 25 మీటర్లు. ఇంత వేగాన్ని ఏళ్ళ తరబడి తట్టుకోవాలంటే ప్రతి భాగమూ తేలికగానూ ఉండాలి, గట్టిగానూ ఉండాలి.

డీజిల్ ఈ దారిన పోలేదు, దాని స్వభావమే వేరు. అందులో స్పార్క్ ప్లగ్గు ఉండదు. గాలిని గట్టిగా నొక్కి కాగేలా చేసి, చివరి క్షణంలో ఇంధనం చిమ్మితే అదే అంటుకుంటుంది. చిమ్మిన ఇంధనం గాలితో కలుస్తూ కాలాలి, దానికి సమయం కావాలి. ఆ ఒత్తిడిని మోసే పిస్టన్లు, ఇరుసు బరువుగా ఉండక తప్పదు. అందుకే కారు డీజిల్ ఇంజన్లు సాధారణంగా ఐదు వేల దగ్గరే ఆగిపోతాయి. ఎక్కువసార్లు పీల్చలేని ఇంజనుకు మిగిలిన దారి ఒక్కసారికే ఎక్కువ పీల్చడం. బయటికి పోయే పొగతో చక్రం తిప్పి, ఆ చక్రంతో గాలిని లోపలికి కుక్కే టర్బో ఆ పని చేసింది. ఇంధనం చివరి క్షణంలోనే చేరే ఇంజనుకు పెట్రోలు ఇంజనులా గాలీ ఇంధనమూ కలిసిన మిశ్రమం ముందే అంటుకుని టకటక కొట్టుకునే భయం లేదు కనుక టర్బో దానికి అతికినట్టు కుదిరింది. ఇంధనాన్ని గట్టి ఒత్తిడితో ఒకే గొట్టంలో సిద్ధంగా ఉంచే కామన్ రైల్ పద్ధతి 1997లో ఆల్ఫా రోమియో 156తో కార్లలోకి వచ్చాక ఇంధనం చిమ్మే తీరు మీద పట్టు పెరిగింది, మోత తగ్గింది. ఫియట్ రూపొందించిన 1.3 లీటర్ల మల్టీజెట్ డీజిల్ ఇంజను మన రోడ్ల మీద స్విఫ్ట్‌తో మొదలై ఎన్నో కార్లలో నడిచింది. 75 హార్స్‌పవరే అయినా 2,000 దగ్గర 190 న్యూటన్ మీటర్లు ఇచ్చేది.

ఇక్కడ డీజిల్ పక్షం వేసే ప్రశ్న న్యాయమైనదే: రోజూ 6,600 దాకా ఎవరు తొక్కుతారు? సిటీ అంకెలకే మళ్ళీ వెళ్దాం. 2,000 ఆర్‌పీఎం దగ్గర డీజిల్ 200 న్యూటన్ మీటర్లు ఇస్తే అది 57 హార్స్‌పవర్. పెట్రోలు ఇంజనుకు ఎంతో ఉదారంగా, తన గరిష్ఠ 145 న్యూటన్ మీటర్లూ అక్కడే వచ్చేస్తాయనుకున్నా 41 దాటదు. గేరు మార్చకుండా, ఇంజను అరవకుండా లారీని దాటాలంటే ఆ తేడాయే పికప్ అనిపించుకుంటుంది. అరకు ఘాట్‌లో నిండు బండితో మలుపు తిరిగి మళ్ళీ ఎక్కేటప్పుడూ అదే తేడా. పైగా ఎత్తు పెరిగేకొద్దీ గాలి పలచబడి టర్బో లేని ఇంజను శక్తి కోల్పోతుంది, టర్బో ఆ లోటు చాలావరకు పూడుస్తుంది. మైలేజీ చెప్పనే అక్కర్లేదు: ప్రభుత్వ పరీక్షలో సిటీ డీజిల్‌కు లీటరుకు 26 కిలోమీటర్లు, పెట్రోలుకు 17.8. లీటరు డీజిల్‌లో శక్తి కొంత ఎక్కువే ఉంటుంది, కానీ ఆ అంతరమంతా దానివల్ల వచ్చింది కాదు. ఇవన్నీ ఒప్పుకోవలసినవే. ఒప్పుకున్నాక కూడా తేలేది డీజిల్ సులువుగా అందే ఇంజను అనే. రెండో గేరులో ఊపందుకునేలోపే 4,500 వచ్చేస్తుంది, మూడో గేరు వెయ్యాల్సిందే. అదే గేరులో పెట్రోలు ఇంజను ఇంకా పరిగెడుతూ ఉంటుంది.

మరో ఆక్షేపణ రేసుల నుంచి వస్తుంది. 1998లో బీఎండబ్ల్యూ 320డి నూర్‌బర్గ్‌రింగ్ 24 గంటల రేసు గెలిచింది. 2006లో ఆడి ఆర్10 లె మాన్స్ గెలిచిన తొలి డీజిల్ కారు అయింది, తరవాతి రెండేళ్ళూ అదే గెలిచింది. ఇంకేం రుజువు కావాలి? ఆ గెలుపులు నిజమైనవే, కానీ అవి నిబంధనల చట్రంలో వచ్చినవి. నాటి లె మాన్స్ నిబంధనలు టర్బో పెట్రోలు ఇంజనుకు నాలుగు లీటర్లు అనుమతిస్తే టర్బో డీజిల్‌కు ఐదున్నర అనుమతించాయి. ఆర్10లోని పన్నెండు సిలిండర్ల ఐదున్నర లీటర్ల ఇంజను శక్తి 650 హార్స్‌పవర్ పైచిలుకు, లీటరుకు సుమారు 118. గాలి రాకను కట్టడి చేసే రేసు నిబంధనల కింద వచ్చిన అంకె అది, నిజమే. అయినా షోరూములో కొనుక్కోగలిగిన ఎస్2000 టర్బో లేకుండానే లీటరుకు 125 ఇచ్చింది. ఇరవై నాలుగు గంటల రేసులో ఇంధనం నింపడానికి తక్కువసార్లు ఆగడం కూడా వేగమే. అది డీజిల్‌కు నిజమైన ఘనత. దాన్ని ఇంజను పరుగుగా లెక్కవేస్తేనే పొరపాటు.

టర్బో ఉన్నదాన్ని టర్బో లేనిదాంతో పోల్చడమే అన్యాయం కదా అన్నది చివరి ప్రశ్న. ఈ కథ ముగిసింది కూడా అక్కడే. 2015లో హోండా సివిక్ టైప్ ఆర్ రెండు లీటర్ల వీటెక్ ఇంజనుకు టర్బో బిగించింది: 6,500 దగ్గర 310 హార్స్‌పవర్, 2,500కే 400 న్యూటన్ మీటర్లు. అదే సైజు ఎస్2000 ఇంజనుకు 218 న్యూటన్ మీటర్లు రావడానికి 7,500 దాకా వెళ్ళాల్సి వచ్చేది. డీజిల్ నేర్పిన టర్బో, వాల్వుల సంప్రదాయం నేర్పిన ఊపిరి ఒకే ఇంజనులో కలిశాయి. అదే ఏడాది బయటపడిన ఫోక్స్‌వ్యాగన్ ఉద్గారాల మోసం డీజిల్ పరువు తీసింది. మన దేశంలో 2020 ఏప్రిల్‌లో బీఎస్6 ఉద్గార నిబంధనలు రాగానే మారుతి డీజిల్ కార్లు మానేసింది. నేటి చిన్న టర్బో పెట్రోలు ఇంజన్లు ఆ ఖాళీలోకే వచ్చాయి. వాటిలో వాల్వుల టైమింగ్ మార్చే ఏర్పాటు ఇప్పుడు ఎవరూ గొప్పగా చెప్పుకోని మామూలు భాగం. ఈ కలయికలో పోయింది కూడా ఒకటుంది. టర్బో లేని ఇంజనులో పాదం ఎంత కదిలితే శక్తి అంతే, ఆ క్షణానే కదులుతుంది. మధ్యలో గాలి చక్రం ఊపందుకోవడం కోసం ఆగాల్సిన పని లేదు. మలుపులో బండిని వెంట్రుక వాసి తేడాతో నిలపాలనుకునేవాడికి ఆ వెంటనే పలికే గుణం ఏ టార్క్ అంకెలోనూ దొరకదు. కొత్త బండి చూడటానికి వెళ్ళినవాళ్ళు బ్రోషర్లో పెద్ద అంకె వెతకడం మాని, తమ కాలు రోజూ ఏ చుట్ల మధ్య తిరుగుతుందో గుర్తు చేసుకుని, ఆ మేరలో ఇంజను సగటున ఎంత శక్తి ఇస్తుందో అడగాలి. రెండు వేలకూ మూడు వేలకూ మధ్యే గేరు మార్చేవారికి టర్బోయే జోరు. చుట్లు రెడ్‌లైన్ దాకా ఎక్కించి, అక్కడ ఉన్నదంతా వాడుకునే ఓపిక ఉన్నవారికి ఎస్2000 లాంటి ఇంజను పాతదైనా వెనకబడినది కాదు.