ఖాళీ గడి

ఆర్టిక్యులేట్ స్టోరీలైన్ అను పాఠరచనా సాఫ్ట్‌వేరులో పాఠమును కూర్చువాడు స్లైడుపై ఒక ఖాళీ గడిని నిలుపుట చూచువారికి అల్పకార్యముగనే తోచును. కాని అభ్యాసకుడు టైపు చేసిన మాట ఏ వేరియబుల్‌లో (విలువను దాచు పేరుగల అరలో) నిలువవలెనో, కర్సరు గడిని వీడినంతనే ఏ ట్రిగ్గరు (చర్యను నడుపు ఆదేశము) దానిని గ్రహింపవలెనో ఆతడు ముందుగనే యోచించి అమర్చియుండును. ఆ గడి ఒక ప్రశ్నకు జవాబు కోరునదైనపుడు, ‘విశాఖపట్టణము’ అను సమాధానమునకు తోడుగ విశాఖపట్నం, విశాఖ, వైజాగ్ అనువానిని గూడ అంగీకార్యముల పట్టికలో చేర్చుటయందే నాకాతని సహృదయత గోచరించును. ఆంగ్లలిపిలో వ్రాయువారి విషయమున చిన్న, పెద్ద అక్షరముల భేదమును పాటింపవలెనను గుర్తును పెట్టక విడుచుట (ఎంత స్వల్పమైన దయ!) ఎందఱి ఉత్సాహమునో కాపాడును. తొలి స్లైడులో తన పేరు వ్రాసిన బాలిక, కూర్చువాడు శాతపు గుర్తుల నడుమ ఆ పేరు నిలిచిన వేరియబుల్ నామమును పొదిగిన నేర్పుచేత, పదవ స్లైడులో ‘భళా’ అను మాట ప్రక్కన తన పేరే వెలయుట చూచి, మఱుసటి ప్రశ్నకు ఉబలాటముతో పూనుకొనును.