ఊసవానిపేట ఇనుము

టైక్వాండో పూర్తిస్థాయి పతకాల ఆటగా ఒలింపిక్స్‌లోకి వచ్చింది 2000 సిడ్నీలో. ఆడవాళ్ల వెయిట్‌లిఫ్టింగ్‌కీ చోటు దక్కింది ఆ ఏడే. ఆ అవకాశం వచ్చీ రాగానే అందిపుచ్చుకున్నది మన సిక్కోలు ఆడబిడ్డ, ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట కరణం మల్లీశ్వరి. సెప్టెంబర్ 19న 69 కిలోల తరగతిలో స్నాచ్‌ 110, క్లీన్ అండ్ జెర్క్‌ 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచింది. ఒలింపిక్ పతకం నెగ్గిన తొలి భారత మహిళ ఆమే. ఆ ఒలింపిక్స్‌లో దేశం మొత్తానికీ దక్కిన పతకం అదొక్కటే.

ఇదంతా కండబలం అనుకునేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. స్నాచ్ ఒక్కటి దగ్గర నుంచి చూడండి. చేతులు బాగా ఎడం చేసి రాడ్డు పట్టుకుంటారు. బొటనవేలిని రాడ్డుకు ఆనించి, దాని మీంచి మిగతా వేళ్లు బిగిస్తారు. కొత్తలో ఆ పట్టుకు వేలు చితికినంత నొప్పి. నేల విడిచేటప్పుడు తొందర పనికిరాదు. మోకాళ్లు దాటేదాకా నిదానం, రాడ్డు కాళ్లను రాసుకుంటుందా అన్నంత దగ్గర. తొడల పైకి చేరిందో లేదో తుంటి, మోకాళ్లు, మడమలు ఒక్క ఊపున నిటారవుతాయి. బరువు గాలిలో తేలినట్టుండే ఆ అరక్షణంలో లిఫ్టర్ దాని కిందికి దూరిపోవాలి. విద్య అంతా అక్కడే ఉంది. బరువును పైకి లాగడం సగం పని, తాను కిందికి పోవడం మిగతా సగం. గొంతుక్కూర్చుని, మోచేతులు బిగదీసి, తల మీద నిలిపి, అప్పుడు లేవాలి. మోచెయ్యి కాస్త సడలి మళ్లీ తోసినట్టు కనబడిందా, ఎర్రదీపమే. ముగ్గురు రిఫరీల్లో కనీసం ఇద్దరు తెల్లదీపం వేస్తేనే లెక్క. వజ్రపుకొత్తూరు ఒడ్డున వల లాగేవాళ్లకు ఈ మాట విడమరచి చెప్పక్కర్లేదు: చేతులతో లాగేవాడు ముందు అలిసిపోతాడు, నడుముతో లాగేవాడు చివరిదాకా ఉంటాడు.

క్లీన్ అండ్ జెర్క్ రెండు మెట్ల పని. ముందు భుజాల మీదికి తెచ్చుకుని లేవాలి. ఊపిరి సర్దుకుని, మోకాళ్లు కొద్దిగా వంచి ఎగదోస్తూ, ఒక కాలు ముందుకీ ఒకటి వెనక్కీ వేసి బరువు కిందికి చేరాలి. ఆ తర్వాత పాదాలు రెండూ ఒక్క వరుసకు తెచ్చి కదలకుండా నిలబడాలి.

సిడ్నీలో ఆమె చివరి ప్రయత్నం 137.5. ఎత్తి ఉంటే మొత్తం 247.5. స్వర్ణం గెలిచిన చైనా లిన్ వెయ్‌నింగ్, రజతం గెలిచిన హంగరీ ఎర్జెబెత్ మార్కుష్ ఇద్దరిదీ 242.5 మాత్రమే. ఆ ఎత్తు కుదరలేదు. తక్కువ బరువు పెట్టుకుని ఉండాల్సిందని ఇప్పటికీ అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. 1994లో ఇస్తాంబుల్‌లో, 1995లో గ్వాంగ్‌జౌలో 54 కిలోల తరగతిలో ప్రపంచ విజేతగా నిలిచిన మనిషి ఆమె. అలాంటి మనిషి బంగారం కోసం తెగించకపోతే ఇంకెవరు తెగిస్తారు? తరగతి మారుతూ 69కి వచ్చి, ఆ స్థాయిలో నిలబడటమే ఒక ఘనకార్యం.

ఈ విద్య ఆమెతో పుట్టింది కాదు. వీరఘట్టం కోడి రామమూర్తి నాయుడు ఛాతీ మీద ఏనుగును ఎక్కించుకున్న కథ ఈ ప్రాంతంలో తెలియని ఇల్లుండదు. సాము, కసరత్తులు, తాలింఖానాలు పల్లెల్లో ఉండేవని పెద్దవాళ్లు చెబుతారు. ఆమదాలవలసలో ఆ ఇనుమును ఆడపిల్లల చేతికిచ్చింది నీలంశెట్టి అప్పన్న మాస్టారు. ఆయన పేరు తలవకుండా మల్లీశ్వరిని పొగడటం అన్యాయం.

ఇప్పుడేమైంది? పలాస, టెక్కలి సందుల్లో అద్దాల జిమ్‌లు వెలిశాయి. వాటిలో డబ్బా పొడులు దొరుకుతాయి, సెల్ఫీకి వెలుగు దొరుకుతుంది. స్నాచ్ నేర్పే మనిషి మాత్రం దొరకడు. ఇంకొక పక్క ‘అంతర్జాతీయ ఛాంపియన్‌షిప్’ అని ఫ్లెక్సీలు కట్టే పోటీలు. కరాటే కావచ్చు, టైక్వాండో కావచ్చు. ఫీజు కట్టిన ప్రతి పిల్లాడి మెడలోనూ ఒక పతకం, చేతిలో ఒక సర్టిఫికెట్, మర్నాడు పేపర్లో ఫొటో. ఎదుటివాడు ఎవరు, ఎన్ని రౌండ్లు ఆడాడు అని అడిగే నాథుడు లేడు. నిజమైన టైక్వాండోలో తలకు తగిలే తన్నుకు మూడు పాయింట్లు, గిర్రున తిరిగి తలకు తన్నితే అయిదు. ఆ ఒక్క తన్ను కోసం ఏళ్ల తరబడి చెమటోడ్చేవాళ్లకు ఇంతకు మించిన అవమానం ఏముంది? తల్లిదండ్రులు జీడిపప్పు ఫ్యాక్టరీలో పప్పు ఒలిచి కట్టిన డబ్బు అది. అలాంటి సొమ్ముతో ఆడుకోవడం పాపం. దేశానికి తలవంపులు తెచ్చిన డోపింగ్ ఇంకొకటి. 2004 ఏథెన్స్‌లో మన లిఫ్టర్లు ఇద్దరు దొరికిపోయారు. అడ్డదారిలో ఎత్తిన బరువు ఎత్తినట్టే కాదు.

ఉద్దానం పిల్లలకు ఒళ్లు వంచడం కొత్త కాదు. సైన్యం సెలక్షన్ల కోసం తెల్లారకముందే రోడ్ల మీద, ఇసుకలో పరుగు తీస్తారు. ఆ కాళ్లకు, ఆ నడుములకు ఒక రాడ్డు చాలు. పలాస నుంచి ఆమదాలవలసకు రైలు దారి నేరుగా ఉంది. అక్కడ నేర్చినవాళ్లలో ఇద్దర్ని ఇక్కడికి పిలవండి. నాలుగు మీటర్ల చదరపు చెక్క ప్లాట్‌ఫామ్ ఒకటి, ఆడపిల్లలకు 15 కిలోల రాడ్డు, మగపిల్లలకు 20 కిలోలది, కొన్ని రబ్బరు ప్లేట్లు, పైన ఒక రేకుల కప్పు. వజ్రపుకొత్తూరు మండలంలో ఏ పాఠశాల ఆవరణలోనైనా ఇవి పెట్టొచ్చు. దాతలారా, తిత్లీ తుపాను తర్వాత ఈ ఊళ్లకు వచ్చారు, ఇప్పుడూ రండి. జిల్లా క్రీడాధికారులూ, ఫ్లెక్సీ పోటీలకు వేదికలెక్కి దండలు వేయించుకునే పెద్దలూ, ఈ ఏడాదిలోనే ఆ పని మొదలుపెట్టండి.