వడ్డన వేళకు చిట్టిబాబు వీణ

అనకాపల్లిలో నలుగుర్ని రాత్రి భోజనానికి పిలిస్తే ఏం వండాలన్నది ఇంటిల్లిపాదీ కూర్చుని తేల్చుకుంటారు. ఆవ పెట్టిన పనసపొట్టు కూర ఉండాలి, ముక్కల పులుసులో మన ఊరి బెల్లమే పడాలి, చివర్లో మాడుగుల హల్వా ఉండి తీరాలి. ఇంత పట్టింపు ఉన్నవాళ్లు కూడా తింటున్నంతసేపూ గదిలో ఏం మోగాలన్నది మాత్రం ఫోనుకు వదిలేస్తారు. అది తనకు తోచిన పాటలు వరసగా వేసుకుంటూ పోతుంది. ఈసారి ఆ పని చిట్టిబాబు వీణకు అప్పగించి చూడండి.

సినిమా పాటలు వద్దనడం వాటి మీద చిన్నచూపుతో కాదు. సిరివెన్నెల సీతారామశాస్త్రి చదువుకుని పెరిగిన ఊరిది. 1986లో వచ్చిన సినిమా పేరే ఆయన ఇంటిపేరైంది. ఆయన పాట చెవిన పడ్డాక మనసు దాని అర్థం వెంట పోకుండా ఉంటుందా? ఎదుటివాళ్లు చెబుతున్న కబురు సగంలో ఆగిపోతుంది, చేతిలో ముద్ద చేతిలోనే ఉంటుంది. అటువంటి పాటను గరిటెల చప్పుడు మధ్య మోగించడం ఆ మాటకు చేసే అన్యాయం. సన్నాయి కూడా ఇంటి గదికి సరిపడదు. పందిట్లో బంతి భోజనాలకు దాన్ని మించింది లేదు గానీ, నాలుగు గోడల మధ్య మనిషి గొంతును మింగేస్తుంది.

వీణ తీరు వేరు. తీగ మీటగానే నాదం నిండుగా పుట్టి, ఆ వెంటనే సన్నగిల్లడం మొదలుపెడుతుంది. మాట్లాడేవాళ్లకు చోటు దొరికేది అక్కడే. ఫిడేలు నాదం కమాను నడిచినంతసేపూ నిలబడే ఉంటుంది, వీణ నాదం మాత్రం పలికి తప్పుకుంటుంది. పైగా అది మన ప్రాంతపు చెట్టులోంచి వచ్చిన గొంతు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో సర్వసిద్ధి వంశీకులు తరతరాలుగా ఒకే పనస దుంగను తొలిచి ఏకాండి వీణ చేస్తున్నారు. మన విస్తట్లో కూర అయ్యే పనసే అక్కడ వీణ కుండ అవుతోంది. దండి మీద మైనంలో నిలిపిన 24 మెట్లు, వాటి మీదుగా సాగే 4 తీగలు, పక్కన తాళానికి మరో 3, ఇంతే దాని సరంజామా.

ఇంత కొద్ది సరంజామాతో చిట్టిబాబు చేసిన పనితనాన్ని దగ్గరగా చూడాలి. 1936లో కాకినాడలో పుట్టి, ఈమని శంకరశాస్త్రి దగ్గర శిక్షణ పొంది, సినిమా వాద్యబృందాల్లో ఏళ్ల తరబడి వాయించి, 1996లో కన్నుమూసిన వైణికుడాయన. మామూలుగా చెయ్యి కుదరని వాళ్లు స్వరానికో మీటు వేస్తారు. అలా అయితే టకటకమనే చప్పుడు ఎక్కువై రాగం తక్కువైపోతుంది. చిట్టిబాబు ఒక్క మీటు వేసి, తీగను మెట్టు మీదే పక్కకు లాగుతూ రెండు మూడు స్వరాలు ఆ ఒక్క నాదంలోంచే రాబడతారు. ఎడమచేతి వేలు ఎంత లాగిందీ, ఎంత ఒత్తిడి సడలించిందీ అన్న దాని మీదే శ్రుతి నిలుస్తుంది. వెంట్రుకవాసి తేడా వచ్చినా అపస్వరమే. నాదం ఆరిపోబోతున్న చివరి క్షణంలో కూడా గమకం స్పష్టంగా వినిపిస్తుంది. గాయకుడు ఊపిరి పట్టి సాగదీసే స్వరాన్ని ఊపిరి లేని తీగ చేత పలికించడమంటే ఇదే. విందుకు ఇది పనికొచ్చే కారణం కూడా ఇందులోనే ఉంది. మీట్ల దరువు తక్కువ కాబట్టి సంభాషణకు అడ్డు తగలదు. శ్రద్ధగా వినేవాడికి మాత్రం ప్రతి మీటు వెనుకా ఎంతో పని కనిపిస్తుంది.

ఇక్కడొక చిక్కుంది. ఆయన కీర్తన వాయిస్తే సాహిత్యంలో అక్షరం పడేచోటే మీటు పడుతుంది. త్యాగరాజ కృతులు తెలిసిన అతిథి ఉంటే వీణలోనూ మాటలే వినిపిస్తాయి, ఆ మనిషి మనసులో పాడుకోవడం మొదలుపెడతాడు. అందుకని సంగీతం తెలిసినవాళ్లు వస్తున్నప్పుడు కీర్తనల కన్నా ఆలాపన, తానం ఎంచుకోవడం మేలు. నా దృష్టిలో తానమే విందుకు అన్నిటికన్నా తగినది. తానంతం అంటూ సాగే ఆ వాయింపులో నడక ఉంటుంది గానీ ఆవర్తం లెక్క ఉండదు. గదిలో హుషారు నిలబడుతుంది, ఎవరి వేలూ బల్ల మీద తాళం వెయ్యదు. మృదంగం వాళ్ల తని ఆవర్తనం వచ్చే రికార్డయితే ఆ భాగం ముందే తీసేసుకోండి. అది కూర్చుని వినాల్సిన విద్య.

వరస కూడా చూసుకోవాలి. అతిథులు ఒక్కొక్కరే వస్తూ, చెప్పులు విప్పుతూ, పలకరించుకుంటున్నప్పుడు హంసధ్వనో మోహనో చురుగ్గా నడిచేది కావాలి. వడ్డన మొదలయ్యాక కల్యాణి వంటి నిండైన రాగం నిదానంగా సాగనివ్వండి. ముఖారి, శుభపంతువరాళి గొప్ప రాగాలే అయినా వాటి దుఃఖం పప్పన్నం పక్కన ఇమడదు. స్పీకరు భోజనాల బల్లకు దూరంగా, గోడ వైపు తిప్పి పెట్టండి. ఎదురుగా కూర్చున్నవాళ్లు గొంతు పెంచకుండా "ఇంకొంచెం వేసుకోండి" అంటే వినబడాలి, అదే కొలత.

చిట్టిబాబు వీణ మీద పలికించినవాటిలో "కొమ్మలో కోయిల" ఉంది. కోయిల కూత కింది స్వరంలోంచి పైకి ఎగబాకుతుంది కదా, దాన్ని ఆయన తీగ లాగి పక్షి గొంతే అనిపించేలా పలికిస్తారు. అది మోగితే భోజనం ఆగిపోతుంది, కాబట్టి మధ్యలో పెట్టవద్దు. హల్వా తినడం అయ్యాక, తాంబూలాలు అందరి చేతికీ ఇచ్చాక పెట్టండి. అప్పుడు స్పీకరును మనుషుల వైపు తిప్పి, కొంచెం గట్టిగా పెట్టి, అందరూ కలిసి వినండి.