చనిపోని పెళ్లికూతురు

2019 డిసెంబర్ 6 పొద్దున్న విజయనగరంలో మా పెద్దమ్మ ఇంట్లో ఉన్నాను. టీవీలో చటాన్‌పల్లి. నలుగురు నిందితులూ ఎన్‌కౌంటర్‌లో చనిపోయారని స్క్రోలింగ్. జనం పోలీసుల మీద పూలు జల్లుతున్నారు. పెద్దమ్మ కాఫీ గ్లాసు పట్టుకుని నిలబడే చూసింది. "మంచి పని చేసేరు," అంది. "కోర్టుకి తీసుకెళ్తే పదేళ్లు మేపుదురు," అన్నాడు బావ. నేనేమీ అనలేదు. అనలేదు గానీ, ఆ పూల ఫోటో ఒకటి వాట్సాప్ స్టేటస్‌గా పెట్టుకున్నాను. రాత్రి దాకా ఉంచాను.

వారం తిరక్కుండానే, డిసెంబర్ 13న, ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ దిశ బిల్లు పాస్ చేసింది. ఏడు రోజుల్లో దర్యాప్తు, పద్నాలుగు రోజుల్లో విచారణ, ఇరవై ఒకటో రోజుకి తీర్పు, ఉరి. దానికి రాష్ట్రపతి ఆమోదం దొరకలేదు. 2022 మేలో సిర్పూర్కర్ కమిషన్ నివేదిక బయటికొచ్చింది. ఆ నలుగురినీ చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని అది తేల్చింది. ఆ వార్త చదివినప్పుడు ముందు నా స్టేటస్ గుర్తొచ్చింది. తర్వాత లుబ్ధావధాన్లు గుర్తొచ్చాడు.

లుబ్ధావధాన్లు ఎందుకంటే, ఆ డిసెంబర్‌లో నేను 'కన్యాశుల్కం' రెండోసారి చదువుతున్నాను.

*

1892లో విజయనగరంలోనే మొదటిసారి ఆడిన నాటకం అది. ఇవాళ మనం చదివేది గురజాడ తిరగరాసి 1909లో అచ్చువేసిన రూపం. గిరీశం కోసం చదువుతాం, మధురవాణి కోసం చదువుతాం. బాల్య వివాహాలు, కన్యను అమ్ముకోవడం, వితంతు వివాహం అని పరీక్షలో పాయింట్లు రాస్తాం. కానీ నాటకం చివరి భాగాన్ని నడిపేది ఒక ఖూనీ కేసు. మొదటిసారి చదివినప్పుడు దాన్ని నేను పట్టించుకోనే లేదు. నవ్వుకుంటూ దాటేశాను.

కథ తెలిసిందే అయినా ఒకసారి గుర్తు చేసుకుందాం. మేనకోడలిని ముసలి లుబ్ధావధాన్లుకి కట్టబెట్టకుండా ఆపాలని కరటకశాస్త్రి తన శిష్యుడు మహేశానికి ఆడపిల్ల వేషం వేస్తాడు. లుబ్ధావధాన్లుకే అమ్మి పెళ్లి చేస్తాడు. పెళ్లయ్యాక 'పెళ్లికూతురు' మాయమైపోతుంది. పిల్ల ఏమైంది? చంపేసి ఉంటాడు. ఇంకేముంది, కేసు తయారవుతుంది. రామప్పంతులు ఉన్నాడు, హెడ్ కనిస్టేబు ఉన్నాడు, దొంగసాక్ష్యాలకి ఆ లోకంలో కరువు లేదు. శవం లేదు. అసలు చనిపోవడానికి పెళ్లికూతురే లేదు. అయినా హంతకుడు మాత్రం సిద్ధంగా ఉన్నాడు.

దీన్ని మన విమర్శ ఎక్కువగా ప్రహసనంగానే చూసింది. నాకిప్పుడు అలా అనిపించడం లేదు. ఆ కాలానికి ఇండియన్ పీనల్ కోడ్ అమల్లో ఉంది. 302వ సెక్షన్ కింద హత్యకి శిక్ష ఉరి, లేదా ద్వీపాంతరం. ఇదంతా నవ్వులాటగా నడుస్తున్నంతసేపూ ఆ ముసలాడి మెడ చుట్టూ ఉన్నది ఆ సెక్షనే.

ఇందులో గురజాడ చేసిన తెలివైన పని, ఎవరి మీద కేసు పెట్టించాడన్నది. బుచ్చమ్మ లాంటి అమాయకురాలి మీద పెట్టించి ఉంటే మన జాలి సులువుగా పుట్టేసేది. లుబ్ధావధాన్లు మీద ఎవరికీ జాలి లేదు. పిసినారి. ఈ వయసులో డబ్బిచ్చి చిన్నపిల్లని కొనుక్కున్నవాడు. నిజంగా తప్పు చేసినవాడే. కాకపోతే అతను చేసిన తప్పు వేరు, అతని మీద మోపిన నేరం వేరు. ఈ రెంటికీ మధ్య ఉన్న తేడాని ఊళ్లో ఎవరూ పట్టించుకోరు. 'ఇలాంటివాడు అలాంటి పని చేసే ఉంటాడు' అన్న ఒక్క మాటతో ఆ తేడా చెరిగిపోతుంది. ఆ డిసెంబర్ పొద్దున్న మా హాల్లోనూ అదే జరిగింది. వాళ్లేనా చేసింది అని మాలో ఒక్కరమూ అడగలేదు.

మరి లుబ్ధావధాన్లు ఎలా బయటపడతాడు? దర్యాప్తు బయటపెట్టదు. విచారణ బయటపెట్టదు. మధురవాణి మగవేషం వేసుకుని సౌజన్యారావు పంతులు ఇంటికి వెళ్లి, పెళ్లికూతురు ఆడపిల్లే కాదని చెబుతుంది. ఆమె సాని. సౌజన్యారావు వకీలు, పెద్దమనిషి, సానులంటే గిట్టనివాడు. మామూలు వేషంలో వెళితే గుమ్మం ఎక్కనివ్వడు. అంటే ఒక ప్రాణం నిలబడింది ఎవరి మాటకి సంఘం విలువివ్వదో ఆమె దయ వల్ల, అదీ ఆమె మారువేషం వేసుకున్నందువల్ల. నాటకానికి ఇది అందమైన ముగింపు. న్యాయవ్యవస్థకి ఇంతకంటే పెద్ద నింద ఉంటుందా? మధురవాణి ఆ రాత్రి వెళ్లాలని అనుకోకపోయి ఉంటే? నాటకం ఈ ప్రశ్న అడగదు. గురజాడ సంస్కర్త గనక ఒక మంచి వకీలుని నమ్మాడు. అక్కడే నాకు చిన్న అసంతృప్తి.

*

ఆ నమ్మకం తర్వాతి తరానికి లేదు. శ్రీకాకుళంలో పుట్టి విశాఖలో వకీలుగా పనిచేసిన రావిశాస్త్రి సారా కథల్లో కోర్టు ఉంటుంది, పోలీసు ఉంటాడు, ప్లీడరు ఉంటాడు, సౌజన్యారావు మాత్రం కనిపించడు. 'మాయ' కథలో ముత్యాలమ్మ బోనెక్కేసరికే ఆమె సంగతి తేలిపోయి ఉంటుంది. అది సారా కేసు, ఉరి కేసు కాదు. కానీ బీదవాడి మీద కేసు ఎలా కడతారో, సాక్ష్యం ఎలా అల్లుతారో తెలియడానికి చిన్న కేసే చాలు. పెద్ద కేసులో మారేది శిక్ష ఒక్కటే. ఢిల్లీ నేషనల్ లా యూనివర్సిటీ వాళ్లు 2016లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం మన దేశంలో మరణశిక్ష పడిన ఖైదీల్లో నూటికి 74 మంది ఆర్థికంగా బలహీనమైన కుటుంబాలవాళ్లు. రావిశాస్త్రి పాఠకులకి ఈ అంకె ఆశ్చర్యం కలిగించదు.

ఇక కాళీపట్నం రామారావు. 1960ల మధ్యలో వచ్చిన 'యజ్ఞం' గురించి ఎంత రాశారో లెక్క లేదు. సుందరపాలెం, శ్రీరాములునాయుడు, గోపన్న బాకీ, అప్పల్రాముడి గోడు. ఈ కథలో నన్ను ఇబ్బంది పెట్టేది పంచాయతీ నడిచే తీరు. ఎవరూ అరవరు, ఎవరూ కొట్టరు. అందరికీ మాట్లాడే అవకాశం ఇస్తారు. శ్రీరాములునాయుడు ఊరికి మంచి చేసినవాడు, ఓపిగ్గా వింటాడు. విధానంలో లోపం ఎక్కడా కనపడదు. చివరికి అప్పల్రాముడి కొడుకు సీతారాముడు తన కన్నకొడుకుని నరికి, ఆ శవాన్ని తెచ్చి పంచాయతీ ముందు పడేస్తాడు. వాడు బానిసగా బతక్కూడదని.

ఆ ముగింపు సహజమా కాదా అని దశాబ్దాలుగా వాదించుకుంటున్నాం. ఎవరూ పెద్దగా అడగని ప్రశ్న ఇంకొకటుంది. మర్నాడు ఏమవుతుంది? కథ అయిపోయాక పోలీసులు వస్తారు కదా. సీతారాముడి మీద 302 పెడతారు. నేరం జరిగింది. సాక్షులు ఊరంతా ఉన్నారు. నిందితుడు దాచుకున్నదేమీ లేదు. చనిపోయింది పసివాడు. చంపింది కన్నతండ్రి. పేపర్లో నాలుగు లైన్ల వార్తగా వస్తే మనమంతా ఏమంటాం? "ఇలాంటోణ్ణి బతకనివ్వకూడదు" అంటాం. నేనూ అంటాను. అదే మనిషి గురించి కారా పంచాయతీ మొత్తం చూపించి చెబితే, పుస్తకం మూసి చాలాసేపు మాట్లాడలేకపోతాం. నేరం అదే. మధ్యలో వచ్చిన తేడా ఆ పేజీలే.

చట్టం కూడా ఈ పేజీల దగ్గరికి ఆలస్యంగానే వచ్చింది. 1955 దాకా హత్య కేసులో ఉరి వేయకపోతే ఎందుకు వేయలేదో జడ్జి కారణం రాయాల్సి ఉండేది. 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ దాన్ని తిరగేసింది. ఉరి వేస్తే ప్రత్యేక కారణాలు రాయమంది. 1980లో బచన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అరుదైన వాటిలోకెల్లా అరుదైన కేసుల్లోనే ఉరి వేయాలంది. నేరంతోపాటు నేరస్తుణ్ణీ చూడాలంది. అంటే వాడి కథ కూడా వినమని. మూడేళ్లకి, 1983లో, మచ్చీ సింగ్ తీర్పులో సమాజపు సామూహిక అంతరాత్మ అన్న మాట ముందుకొచ్చింది. ఆ అంతరాత్మ ఎక్కడుంటుంది? ఆ రోజు మా హాల్లో టీవీ ముందు ఉంది. నా వాట్సాప్‌లో ఉంది.

*

ఇంతవరకూ రాసింది చదివి ఉరిశిక్ష వద్దనడం సులువేననిపిస్తే, శ్రీకాకుళం చరిత్ర ఆ సులువు ఉంచదు. 1967 అక్టోబర్ 31న పార్వతీపురం ఏజెన్సీలో, లేవిడి దగ్గర, మొండెంఖల్లు సభకి వెళుతున్న గిరిజనుల మీద భూస్వాముల మనుషులు కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న చనిపోయారు. కోర్టు నిందితుల్ని వదిలేసింది. కోర్టు మీద ఆశ చచ్చిపోయిన చోటే ఆ కొండల్లో తుపాకీ మీద ఆశ పుట్టిందని ఆ ఉద్యమం గురించి రాసినవాళ్లంతా చెప్పేదే. కాబట్టి "కోర్టుకి తీసుకెళ్తే ఏమవుద్ది" అన్న మా బావ మాటని ఊరికే కొట్టిపారేయలేం. చంపినవాడు దర్జాగా తిరుగుతుంటే చూసిన జనం మాట అది.

ఆ తర్వాత జరిగింది కూడా చెప్పుకోవాలి. ఉద్యమం తన తీర్పులు తాను ఇచ్చుకుంది. వర్గశత్రు నిర్మూలన పేరుతో భూస్వాముల్నీ వడ్డీవ్యాపారుల్నీ చంపింది. ఆ విచారణల్లో అప్పీలు లేదు. రాజ్యం తన వంతు తాను చేసింది. 1969 మేలో పంచాది కృష్ణమూర్తి, డిసెంబర్‌లో సుబ్బారావు పాణిగ్రాహి, 1970 జులైలో వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం. వీళ్లకీ అప్పీలు లేదు. గుణుపురం నుంచి వచ్చిన వకీలు నాగభూషణ్ పట్నాయక్‌కి మాత్రం కోర్టు ఉరి వేసింది. ఆయన క్షమాభిక్ష అడగనన్నాడు. ఆ శిక్ష యావజ్జీవంగా మారింది. ఆయన 1998 దాకా బతికాడు. భూమయ్య, కిష్టాగౌడ్‌లకి ఆ అదృష్టం లేదు. ఎమర్జెన్సీలో, 1975 డిసెంబర్ 1న, ఉరితీశారు.

ఈ ఉరికంబాల మీద తెలుగులో గొప్ప కవిత్వం, గొప్ప కోపం వచ్చింది. విరసం పుట్టిందే 1970 జులైలో, ఈ నేపథ్యంలో. రాజ్యానికి మనిషి ప్రాణం తీసే హక్కు లేదన్న మాటని తెలుగు సాహిత్యం అంత గట్టిగా ఇంకెప్పుడూ అనలేదు. కానీ నేను చదివినంతలో, ఆ సాహిత్యం రెండో ఉరికంబం వైపు, ఉద్యమం వేసిన శిక్షల వైపు, అదే చూపు చూడలేదు. అక్కడ చనిపోయినవాడికి భార్యా పిల్లలూ ఉన్నట్టు కథల్లో అరుదుగా కనపడుతుంది. లుబ్ధావధాన్లు మీద జాలిపడని పాఠకుల్లాగే అక్కడ రచయితలు కూడా 'ఇలాంటివాడు' అన్న మాట దగ్గర ఆగిపోయారు. ఈ లోటు గురించి తెలుగులో సూటిగా ఆలోచించినవాళ్లలో బాలగోపాల్ ముఖ్యుడు. అందుకోసం చాలాకాలం కలిసి నడిచిన సంఘం నుంచే ఆయన 1998లో బయటికి రావాల్సి వచ్చింది.

ఆ ఏడాదే ఇంకొకటి జరిగింది. 1993లో చిలకలూరిపేట దగ్గర బస్సు తగలబడి 23 మంది చనిపోయారు. దోపిడీ కోసం తగలబెట్టిన ఇద్దరు దళిత యువకులకి ఉరి పడింది. 1997లో ఉరి తేదీ కూడా ఖాయమై చివరి గంటల్లో ఆగింది. 1998లో రాష్ట్రపతి నారాయణన్ దాన్ని యావజ్జీవంగా మార్చారు. వాళ్ల కోసం పౌరహక్కుల కార్యకర్తలు, రచయితలు తిరిగారు. వాళ్లు రాజకీయ ఖైదీలు కారు, వీరులు కారు. నేరం నిజమే, భయంకరమే. అలాంటివాళ్ల ప్రాణం కోసం వాదించడమే అసలు పరీక్ష. మధురవాణి చేసిన పని దానికి దగ్గరది. లుబ్ధావధాన్లు మంచివాడని ఆమె ఎక్కడా వాదించలేదు.

*

పోయినేడు సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు పెద్దమ్మకి 'యజ్ఞం' చదివి వినిపించాను. ఆమెకి కళ్లు సరిగా కనపడవు. రెండు మధ్యాహ్నాలు పట్టింది. చివరికొచ్చేసరికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చాలాసేపటికి నేనే అడిగాను, "పెద్దమ్మా, సీతారాముడికి ఉరి వెయ్యాలా?"

"ఆడికింకేటి ఉరేస్తారు? ఆడెప్పుడో చచ్చిపోనాడు కదా," అంది.

నేను అనుకున్న జవాబు అదే. ఈ వ్యాసానికి ముగింపు దొరికిందనే సంతోషపడ్డాను. పెద్దమ్మ లేచి, గోడ పట్టుకుని వంటింట్లోకి వెళ్తూ గుమ్మంలో ఆగింది.

"మరా గుంటడి మాటేటిరా? ఆణ్ణెవడూ అడగలేదు."

నిజమే. పంచాయతీలో ఆ పిల్లాణ్ణి ఎవరూ అడగలేదు. తండ్రి అడగలేదు. నేనూ, ఇన్నిసార్లు చదివి, ఇంత రాసి, సీతారాముడి గురించే ఆలోచించాను. దిశ కేసులో ఆ అమ్మాయి, బస్సులో ఆ 23 మంది, లేవిడిలో ఆ ఇద్దరు. ఉరి వద్దనే నా వాదన ఇప్పటికీ మారలేదు. కానీ ఆ వాదనలో ఈ గుంటడికి చోటు ఎక్కడో నాకింకా దొరకలేదు. ఉరి వేస్తే దొరుకుతుందనీ అనుకోను. కారా కథ మళ్లీ తీశాను. ఈసారి వాడి కోసం చదవాలి.